నడుముకూ తోకకూ మధ్య

ప్రభుత్వం గుర్తించని అవయవానికి జబ్బు చేయదు. పరిపాలనా శాస్త్రం మొత్తం ఈ ఒక్క సూత్రం మీదనే నిలబడి ఉంది. (శరీర శాస్త్రం వేరే సూత్రాల మీద నిలబడి ఉంది గాని, వాటి కింద ఎవరి సీలూ లేదు.)

ఈ సూత్రాన్ని బాహాటంగా ధిక్కరించిన జీవి పేరు ముస్యే (ఫ్రెంచివారు యానాంలో వదిలిపోయిన మాట, ‘అయ్యగారు’ అని అర్థం). వయస్సు నాలుగు నెలలు, నివాసం యానాంలోని కనకాలపేట. గోధుమరంగు ఒళ్ళు, ఒక చెవి నిటారుగా ఉంటుంది, రెండోది ఇంకా ఏ నిర్ణయానికీ రాలేదు. ఒక బుధవారం ఉదయం ఈ కుక్కపిల్ల వరండాలో చతికిలబడి, వెనుక కాళ్ళు రెండూ ముందుకు చాపి, ముందు కాళ్ళతో ఒంటిని లాక్కుంటూ, పిర్రలు నేలకు రాసుకుంటూ గుమ్మం నుంచి కుట్టుమిషను దాకా ప్రయాణించింది. అక్కడ ఒక్క క్షణం ఆలోచించి, అదే పద్ధతిలో తిరుగు ప్రయాణం చేసింది.

దాని యజమానురాలు మరియమ్మ ముప్ఫై ఒక్క సంవత్సరాలు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. జీర్ణ వ్యవస్థ పాఠం చివరికి రాగానే తక్కిన ఉపాధ్యాయులు ‘ఇది ఇంటి దగ్గర చదువుకోండి’ అని పేజీ తిప్పేసేవారు. ఆమె మాత్రం ప్రతి అవయవం పేరునూ పిల్లలందరి చేతా మూడేసిసార్లు గట్టిగా పలికించేది. (పక్క గదిలో పద్యాలు వినపడడం లేదని తెలుగు మాస్టారు రెండుసార్లు ఫిర్యాదు చేశారు.)

పక్కింటి ఫిలోమినా పిట్టగోడ మీంచి ఈ ప్రయాణాన్ని చూసి నవ్వింది.

“ఏంటొదినా, మీ ముస్యే ఇల్లు తుడిచేత్తన్నాడు? మా పనిమనిషి కంటే నయం, మూలలు కూడా వదలట్లేదు.”

“నవ్వకు ఫిలోమినా. దానికి గుదం దగ్గర ఏదో బాధగా ఉంది.”

“అమ్మ బాబోయ్! పొద్దున్నే ఆ మాటేంటొదినా? ‘అక్కడ’ అంటే సరిపోద్ది గదా.”

“అక్కడంటే ఎక్కడ?”

“అదే... అక్కడ!”

మరియమ్మ ఇటువంటి సమాధానానికి మార్కులు వేయదు. కళ్ళద్దాలు పెట్టుకుని, కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టింది. మొదటిది నులిపురుగులు. బియ్యపు గింజల్లాంటి ముక్కలేమైనా తోక కింద కనిపిస్తాయేమోనని వెతికింది, లేవు. పైగా బరువు తూచి మందు వేసి పదిహేను రోజులే అయింది. రెండోది, మలం వెంట్రుకలకు అంటుకుని ఎండిపోవడం. గోరువెచ్చని నీటితో కడిగింది, ప్రయాణం ఆగలేదు. మూడోది గోమార్లు. దువ్వి చూసింది, లేవు. ఇక మిగిలింది గుదానికి అటొకటీ ఇటొకటీ ఉండే శనగగింజంత సంచులు. గట్టి విరేచనం అయినప్పుడల్లా అవి ఒత్తుకుని వాటంతటవే ఖాళీ అవుతాయి. పోయిన వారం ఫిలోమినా ప్రేమకొద్దీ చేపల పులుసన్నం పెట్టడంతో ముస్యేకు ఐదు రోజులు నీళ్ళ విరేచనాలయ్యాయి. సంచులు నిండిపోయాయి. కుడివైపుది ఎర్రగా ఉబ్బి ఉంది. తెలిసిన చెయ్యి పడితే రెండు నిమిషాల పని. పడకపోతే మూడు నాలుగు రోజుల్లో చీముపట్టి పగులుతుంది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన ప్రార్థన కూడికలో కుక్కపిల్ల కోసం కూడా ప్రార్థించారు. అయితే భాగం పేరు ఎవరూ ఎత్తలేదు. దేవుడు సర్వజ్ఞుడు గనుక గ్రహించుకుంటాడని ఆయనకే వదిలేశారు. (ప్రభుత్వానికి ఈ సౌకర్యం లేదు. అది రాసింది మాత్రమే గ్రహిస్తుంది.)

గురువారం ఉదయం మరియమ్మ ముస్యేను చంకనెత్తుకుని ప్రభుత్వ జంతు సౌఖ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడి అటెండరు సత్తిబాబుకు ఈ పనిలో ఇరవై రెండేళ్ళ అనుభవం. తోక ఎత్తి ఒక్క చూపు చూశాడు.

“ఆయ్, సంచులు నిండిపోయినియ్యండి టీచరుగారూ. రెండు నిమిషాల్లో తీసేత్తాను.”

“తియ్యి మరి.”

“యాప్‌లో ఎక్కాలి గదండీ. భాగం ఎక్కకుండా నేను చెయ్యేత్తే నా ఉద్యోగం పోద్దండి.”

యాప్ పేరు ‘జీవస్పర్శ’. అందులో కుక్క బొమ్మ ఉంటుంది. నొప్పి ఎక్కడో అక్కడ వేలితో నొక్కాలి. తల, చెవులు, మెడ, రొమ్ము, పొట్ట, నాలుగు కాళ్ళు, నడుము. నడుము అయిన వెంటనే తోక. ఆ రెండింటికీ మధ్య, బొమ్మ గీసినవారు సభ్యతను దృష్టిలో ఉంచుకుని ఒక మందారపువ్వు వేశారు. మరియమ్మ పువ్వు మీద నొక్కింది. ‘శుభోదయం’ అని వచ్చింది.

‘ఇతర వివరాలు’ అన్న గడిలో ఆమె అవయవం పేరు స్పష్టంగా రాసింది. అసభ్య పదజాలం కారణంగా దరఖాస్తు తిరస్కరించబడింది. మళ్ళీ రాసింది. మళ్ళీ తిరస్కరించబడింది. మూడోసారి రాసేసరికి, పౌరురాలు ఇరవై నాలుగు గంటలపాటు ఆత్మపరిశీలన చేసుకోవాలని యాప్ సూచించి మూతబడింది.

“కాకినాడ తీసుకెళ్ళిపోండి టీచరుగారూ, అక్కడ ప్రైవేటు డాక్టర్లుంటారు,” అన్నాడు సత్తిబాబు జాలిగా.

“కూర్చోలేని కుక్కని ముప్ఫై కిలోమీటర్లు బస్సులో కూర్చోబెట్టి తీసుకెళ్ళమంటావా?”

“పోనీ, రేపు తోక అని నొక్కండి. దగ్గర్లోదే గదండీ.”

ముప్ఫై ఒక్క ఏళ్ళలో తప్పు సమాధానాన్ని ఒక్కసారి కూడా ఒప్పుకోని మరియమ్మ, శుక్రవారం ఉదయం తోక మీద నొక్కింది. దరఖాస్తు తక్షణమే ఆమోదం పొందింది. తోకకు నిర్దేశించిన చికిత్స కట్టు. నియమానుసారం తోక పొడవునా తెల్లటి కట్టు కట్టారు. ముస్యే ఆ తోకను జెండాలా ఎత్తిపట్టి, పిర్రలతో కార్యాలయ ప్రాంగణాన్ని ఒక చుట్టు చుట్టి వచ్చింది. మధ్యాహ్నం నడుము మీద నొక్కితే ఒక వేడినీళ్ళ సంచీ, ఒక కాగితం ఇచ్చారు. బరువులు ఎత్తరాదని అందులో ఉంది. (ముస్యే ఈ సలహాను తు.చ. తప్పకుండా పాటించింది.)

శనివారానికి వాపు రేగుపండంత అయింది. కుక్కపిల్ల అన్నం ముట్టలేదు. రాసుకోవడం కూడా మానేసి, ఒక పక్కకు ఒరిగి పడుకుని మూలిగింది. మరియమ్మ దాన్ని ఎత్తుకుని సరాసరి కేంద్రంలోని శరీరభాగాల వర్గీకరణాధికారి గదిలోకి నడిచింది.

అధికారి ఉమామహేశ్వరం నిలబడి ఉన్నారు. కుర్చీ ఉంది, కుర్చీ మీద తువ్వాలు కూడా ఉంది; ఆయన మాత్రం బీరువా పక్కన నిలబడి ఫైళ్ళ మీద సంతకాలు చేస్తున్నారు.

“మేడమ్, మీరు చదువుకున్నవారు,” అన్నారాయన నొచ్చుకుంటూ. “ఆ మాట మూడుసార్లు రాశారంట. కంప్యూటరు దగ్గర కూర్చునే వీణ పెళ్ళి కావలసిన అమ్మాయండి.”

“వీణ నా స్టూడెంటే. ఆ మాట నా క్లాసులో గట్టిగా చదివింది.”

“బొమ్మ కూడా గీశాను సార్,” అంది పక్క బల్ల దగ్గర్నుంచి వీణ. “ఐదుకి ఐదేశారు టీచరుగారు.”

ఉమామహేశ్వరం గొంతు సవరించుకున్నారు. “చూడండి మేడమ్, నడుము మా పరిధి. తోక మా పరిధి. మధ్యలోది పుదుచ్చేరిని అడగాలి. ప్రతిపాదన పంపి తొమ్మిది నెలలైంది.”

(తల పుదుచ్చేరిలో, ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన, చుట్టూ నాలుగు వైపులా ఇంకొకరి నేల, ఎవరి పరిధో తెలియని ఒక చిన్న ప్రదేశం పడే బాధ యానాం అధికారికైనా అర్థమవుతుందని మరియమ్మ ఆశించింది. పొరపాటు.)

ఆమె ముస్యేను బల్ల మీద పడుకోబెట్టి, కట్టుతో సహా తోక ఎత్తి, పాఠం మొదలుపెట్టింది. “ఇది చూడండి. ఇది రేపటికి పగులుతుంది. మీ సత్తిబాబు రెండు నిమిషాల్లో నయం చెయ్యగలడు, అతనికి కావలసింది ఒక మాట. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి కుక్కనే కాదు, మనుషుల్నీ పాడుచేసుకుంటున్నాం. గుదం దగ్గర నరాలు ఉబ్బి మొలలై, రక్తం పడుతున్నా నోరు విప్పకుండా...”

“వీణా,” అన్నారు ఉమామహేశ్వరం. “నువ్వెళ్ళి టీ తాగిరామ్మా.”

వీణ వెళ్ళాక ఆయన తలుపు వేశారు. గడియ కూడా పెట్టారు.

“మేడమ్... ఒక పెద్దమనిషి ఉన్నాడనుకోండి. నాకు తెలిసినాయన.”

“అనుకున్నాను.”

“రెండేళ్ళ క్రితం ఆస్పత్రికెళ్ళాడండి. చీటీ రాసే అమ్మాయి ‘ఏం కంప్లయింటు’ అని గట్టిగా అడిగింది. వెనకాల లైన్లో ముప్ఫై మంది. అందులో వియ్యంకుడొకడు. ‘నడుము’ అనేశాడండి.”

“నడుముకి మందిచ్చారా?”

“బెల్టులిచ్చారు. మూడున్నాయండి ఇప్పుడు.”

“ఆ పెద్దమనిషి కూర్చోగలుగుతున్నారా?”

“లేదండి. నిలబడే పనిచేస్తున్నాడు. అంకితభావం గల అధికారని పోయిన రిపబ్లిక్ డేకి మెమెంటో ఇచ్చారు.”

జీవశాస్త్రం ఎంత బోధించినా, పేజీ తిప్పేసే మాస్టార్లదే చివరికి పైచేయి అయిందని మరియమ్మకు తోచింది.

“పెద్దమనిషి సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు నా కుక్క.”

ఉమామహేశ్వరం బీరువా మీద కాగితం పెట్టి, నిలబడే ఉత్తర్వు రాశారు: ‘నడుము సమాప్తికి అనంతరమును, తోక ప్రారంభమునకు పూర్వమును గల ప్రదేశమున, సదరు సత్తిబాబు తన సొంత పూచీపై తగు చర్య గైకొనవచ్చును.’

సత్తిబాబు చేతి తొడుగులు వేసుకున్నాడు. దూదీ, వేడినీళ్ళూ తెచ్చాడు. రెండు నిమిషాల్లో పని ముగిసింది. ఆ సందర్భంగా వెలువడిన వాసనకు కార్యాలయం మొత్తం పదకొండు నిమిషాలపాటు ఖాళీ అయింది. (బయట వేచివున్న ప్రజలు ఎటువంటి తేడా గమనించలేదు.) ముస్యే లేచి, నాలుగు కాళ్ళ మీద, సృష్టికర్త ఉద్దేశించిన పద్ధతిలో ప్రాంగణమంతా పరిగెత్తింది.

“వీడియోలు చూసి ఇంట్లో మీరే నొక్కెయ్యకండి టీచరుగారూ,” అని హెచ్చరించాడు సత్తిబాబు. “తెలీకుండా నొక్కితే లోపలే పగిలిపోద్ది. పెరుగన్నంలో కొంచెం ఉడకబెట్టిన గుమ్మడికాయ కలిపి పెట్టండి, విరేచనం గట్టిపడుద్ది. మళ్ళీ నేల మీద రాసుకుంటే, ఆ రోజే తెచ్చెయ్యండి.”

“ఆ రోజు కూడా కాగితం కావాలా?”

“అది మాత్రం సారునడగాలండి.”

అయితే తొమ్మిది నెలలుగా పుదుచ్చేరిలో కదలని ప్రతిపాదన ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో కదిలింది. ఉమామహేశ్వరం సొంత సెలవు పెట్టి, రైల్లో పై బెర్తు మీద బోర్లా పడుకుని వెళ్ళి, దాన్ని బల్ల బల్లకూ నెట్టించారని వినికిడి. యాప్‌లోని కుక్క బొమ్మ మీద మందారపువ్వును తొలగించారు. ఆ చోటికి ‘మధ్యస్థ మండలం’ అని నామకరణం చేశారు. సభ్య సమాజం ఊపిరి పీల్చుకుంది.

నెల తిరిగాక ముస్యేకు టీకా వేయించడానికి మరియమ్మ కేంద్రానికి వెళ్ళింది. సత్తిబాబు గబగబా ఎదురొచ్చి ఫోను చూపించాడు. మధ్యస్థ మండలం కింద మొట్టమొదటి దరఖాస్తు ఆ ఉదయమే వచ్చింది. జంతువు పేరు: ఖాళీ. జాతి: దేశవాళీ. వయస్సు: యాభై ఏడు సంవత్సరములు. బాధ: కూర్చొనలేకపోవుట.

“యాభై ఏడేళ్ళ కుక్కంటండి! ఏం తింటదండీ అది, అన్నేళ్ళు బతకడానికి?”

మరియమ్మ అధికారి గది వైపు చూసింది. తలుపు వేసి ఉంది.

“ఆకుకూరలు తినమను. నీళ్ళు బాగా తాగమను. పూటకి పావుగంట గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోమను. నోరు తెరిచి, మనుషుల డాక్టరుతో చెప్పమను.”

“కుక్క నోరు తెరిచి ఎలా చెబుద్దండీ?”

ఆమె సమాధానం ఆలోచిస్తుండగానే ఫోను మోగింది. యాప్ ఆ దరఖాస్తును ఎటువంటి అభ్యంతరమూ లేకుండా ఆమోదించి, ఒకే ఒక్క షరతు విధించింది: జంతువు మూతికి చిక్కం కట్టి, సోమవారం ఉదయం పది గంటలకు హాజరుపరచవలెను.