సూర్యుడి ఉద్యోగం ఊడింది

సూర్యుణ్ణి ఉద్యోగంలోంచి తీసేసే రోజులొచ్చాయి. తప్పేముంది, మీరే చెప్పండి! ముసురు పట్టిందంటే చాలు, చెప్పాపెట్టకుండా వారాల తరబడి నాగా. వచ్చిన రోజైనా బుద్ధిగా ఉంటాడా? బారెడు పొద్దెక్కాక ముఖం చూపించడం, సాయంత్రం కాకుండానే జారుకోవడం. ఇలాంటివాడు మా ఆఫీసులో ఉంటే నెల తిరక్కుండా ఇంటికి పంపేవారు. ఎక్కడో ఆకాశంలో ఉన్నాడు కాబట్టి ఆటలు సాగుతున్నాయి.

నేను మాత్రం ఊరుకోలేదు. అతని స్థానంలో ఒక పెట్టెను తెచ్చి పెట్టుకున్నాను. దాన్ని లైట్ థెరపీ బాక్స్ అంటారు. పిల్లలు పరీక్షకు పట్టుకెళ్లే అట్టంత ఉంటుంది. ప్లగ్గు పెట్టి మీట నొక్కితే బల్లమీదే తెల్లారుతుంది. మబ్బు పట్టదు, వడదెబ్బ తగలదు, అస్తమించాలంటే నా అనుమతి కావాలి! పైనున్న పెద్దమనిషికి ఇన్ని సుగుణాలున్నాయా?

ఇంతకీ నీకెందుకయ్యా ఈ పెట్టె అంటారా? చెబుతాను, నవ్వకూడదు. ముసురు రోజులొస్తే నేను మూల పడేసిన తడి గోనెసంచినైపోతాను. మంచం మీద వేస్తే మంచం మీద, కుర్చీలో వేస్తే కుర్చీలో. పలకరిస్తే "ఊఁ" అంటాను. పలకరించకపోతే "ఏం, నేను ఇంట్లో ఉన్నట్టు కనబడటం లేదా?" అంటాను. పైగా ఇంటినుంచే ఉద్యోగం. నా గది కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. అదెంత దగ్గరంటే, దానిమీది పగుళ్లన్నీ నాకు పేరుపేరునా తెలుసు.

మా ఆవిడ ఓర్చుకుంది. పెళ్లయిన కొత్తలోనే నన్ను చూసి ఒక నిర్ణయానికి వచ్చేసిన మనిషి. మా అమ్మాయి సంగతే వేరు. దాన్ని ఇంటిల్లిపాదీ "రేడియో" అంటాం. లేచింది మొదలు నిద్రపోయేదాకా ప్రసారం ఆగదు. అలాంటిది, ఒకరోజు నా గది గుమ్మం అవతల నిలబడి వాళ్లమ్మను గుసగుసగా అడుగుతోంది: "అమ్మా, నాన్న ఇవాళ బాగానే ఉన్నాడా? లోపలికెళ్లొచ్చా?"

కన్నకూతురు నా గదిలోకి రావడానికి వాతావరణ సమాచారం కనుక్కుంటోంది! అది అడక్కుండా లోపలికి రావాలి, నాకింకేమీ అక్కర్లేదు అనుకుని, ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ కళ్లు పరీక్షించి, నాలుగు ప్రశ్నలడిగి, ఈ పెట్టె కొనుక్కోమంది.

పెట్టెతోపాటు వాడే విధానం అంటూ ఒక చిన్న పుస్తకం వచ్చింది. నేను చదవలేదు. ఎందుకు చదువుతాను? అలాంటి పుస్తకాలు రాయడమే నా ఉద్యోగం! మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు కొన్నప్పుడు అట్టపెట్టెలో అడుగున పడి ఉంటుందే, "తడి చేతులతో ముట్టుకోరాదు" అని, అది రాసేది నేనే. దాన్ని ఏ ప్రాణీ చదవదన్న సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

కాబట్టి సొంత తెలివి వాడాను. మొదటిరోజు పెట్టెను ఎదురుగా నిలబెట్టి, కళ్లలో కళ్లు పెట్టి రెప్పవాల్చకుండా చూశాను. మందన్నాక కాస్త ఘాటుగా ఉండాలి కదా! కళ్లవెంట నీళ్లు ధారలు కట్టాయి. రేడియో తలుపు సందులోంచి చూసి, "అమ్మా, నాన్న ఏడుస్తున్నాడు!" అని వంటింట్లోకి పరుగు తీసింది. దాంతో బుద్ధి తెచ్చుకుని నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాను. తర్వాత, వెలుగు గదంతా సమానంగా పడాలని పెట్టెను బీరువా ఎక్కించాను. పగలు పని తెమలదు కనుక రాత్రి భోజనమయ్యాక వేసేవాణ్ణి. ఉన్న కాస్త నిద్రా ఎగిరిపోయింది. పొద్దున్నకల్లా గోనెసంచి ఇంకాస్త బరువెక్కేది.

యంత్రం పనిచెయ్యడం లేదని ఫిర్యాదు చేద్దామని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికెళ్లాను.

"ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"రాత్రి భోంచేశాకండీ."

"ఎక్కడ పెట్టారు?"

"బీరువా మీదండీ."

"మరి మీరెక్కడ కూర్చుంటారు?"

"మంచం మీదండీ, అటు తిరిగి. నల్లకళ్లద్దాలు పెట్టుకుని."

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "దాంతోపాటు పుస్తకమేమీ ఇవ్వలేదా? చదవలేదా? ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

నా ఉద్యోగం పేరు చెప్పడానికి ఇంత సిగ్గు ఎన్నడూ వెయ్యలేదు. "ఏదో రాతకోతల పనండీ" అని గొణిగాను.

పాపం, ఆవిడ చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. పొద్దున లేవగానే వేసుకోవాలి. చెయ్యి చాపితే అందేంత దూరంలో, కాస్త పక్కగా పెట్టుకోవాలి. కళ్లు తెరిచే ఉండాలి గానీ దానికేసి చూడకూడదు. ఓ అరగంట కాఫీ తాగుతూనో, పేపరు చదువుతూనో, ఎవరితోనైనా కబుర్లు చెప్పుకుంటూనో గడపాలి. రోజూ మానకూడదు. పొద్దువాలాక దాని జోలికి వెళ్లకూడదు.

నమ్మండి, పనిచేసింది! కొన్నాళ్లకు గోనెసంచి ఆరడం మొదలుపెట్టింది. ఒక పొద్దున రేడియో ఎవరినీ అడక్కుండా తలుపు తోసుకొచ్చి, నా పక్కన స్టూలెక్కి కూర్చుంది. "నాన్నా, నీకో సంగతి తెలుసా?" అంది. అక్కణ్ణుంచి మొదలు! వాళ్ల బెంచీలో పిల్లకు పన్ను ఊడిందట. ఊడిన పన్ను క్లాసులోనే ఎక్కడో మాయమైందట. ఎవరి మీద అనుమానమో, ఎవరు ఎవరి సంచీ వెతికారో, రోజుకో భాగం చొప్పున సీరియల్ నడిచింది. నేను కాఫీ చల్లారబెట్టుకుని విన్నాను. అంత సుఖం ఈ మధ్యకాలంలో ఎరగను.

ఇక్కడే పెట్టె మహిమ రెండోవైపుకి తిరిగింది. మాకు పొద్దున వీడియోలో మీటింగు ఉంటుంది. ఇన్నేళ్లుగా నేనందులో నీళ్లలో నానిన పాస్‌పోర్ట్ ఫొటోలా కనబడేవాణ్ణి. ఏమైందయ్యా అని ఒక్కరూ అడగలేదు. ముఖం వెలిగేసరికి మాత్రం వెంటనే విచారణ!

"ఏమండోయ్, వెలిగిపోతున్నారే! చేతిలో పని చాలడం లేదా?" అన్నాడు మా మేనేజరు. వాషింగ్ మెషీన్ల పుస్తకం నాకొచ్చింది. మర్నాడూ వెలిగాను. ఓవెన్లది కూడా వచ్చింది. "ఏం వాడుతున్నారేమిటి?" అని ముద్దుగా అడిగితే నోరు జారాను.

అంతే! ఆఫీసు మా అందరి ఇళ్లకూ తలో పెట్టె పంపింది. ఉద్యోగుల మానసిక ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో చూడండి! మీటింగును తెల్లవారగానే జరిగేలా ముందుకు జరిపారు. పెట్టె వెలగాలి, కెమెరా వెలగాలి, మనమూ వెలగాలి. కరెంటు సామాన్ల కొట్లో వరసగా తగిలించిన బల్బుల్లా అందరం తెరమీద వెలుగుతూ కూర్చుంటాం. ఇదివరకు ఆఫీసు పగటిపూటను మాత్రమే తీసుకునేది. పాపం, పొద్దుపొడుపు వృథా అయిపోయేది.

రేడియో రెండుమూడు రోజులు స్టూలెక్కి చూసింది. "వెనకాల ఏదో శబ్దం వస్తోందండీ" అన్నాడు మేనేజరు. "తర్వాత చెబుదువుగానీ తల్లీ" అన్నాను. తర్వాతంటే దానికి స్కూలు బస్సు, నాకు ఓవెన్లు. అది చప్పుడు కాకుండా స్టూలు దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత రావడం మానేసింది. నా ముఖం మాత్రం దివ్యంగా ఉందని మీటింగులో అందరూ మెచ్చుకుంటున్నారు.

నిన్న పొద్దున మీటింగు మధ్యలో తలుపు కొంచెం తెరుచుకుంది.

"పన్ను దొరికింది" అని చిన్నగా చెప్పి, తలుపు వెయ్యబోయింది.

అంతే? ఎక్కడ దొరికిందో చెప్పదా? ఎవరికి దొరికిందో చెప్పదా? ఇన్నాళ్లు సీరియల్ విన్నవాణ్ణి, నాకు చెప్పకుండా ముగించేస్తుందా? నాకు ఏడుపొచ్చినంత పనయింది. వంగి పెట్టె ప్లగ్గు పీకేశాను.

"ఏమైందండీ? మీరు కనబడటం లేదు!" అన్నాడు మేనేజరు.

"కరెంటు పోయింది సార్."

"మాట వినబడుతోందే?"

"ల్యాప్‌టాప్‌లో కాస్త చార్జింగ్ ఉంది సార్. అదీ పోయేలా ఉంది" అని మూత వేసేశాను.

బయట ముసురు, కిటికీలో గోడ, గదిలో మసక. ఆ మసకలోనే విన్నాను. పన్ను డస్టర్‌లో ఇరుక్కుందట! మాస్టారు బోర్డు తుడిచినకొద్దీ గీతలు పడుతుంటే, కొత్త బోర్డు కావాలని హెడ్మాస్టరుతో పోట్లాడి కూడా వచ్చారట. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, నాకేమైందోనని చూసి వెళ్లింది.

కనుక, ఈ విద్యలో అనుభవజ్ఞుడిగా లైట్ బాక్స్‌ను ఇంట్లో సమర్థంగా వాడే విధానం రాసిపెడుతున్నాను. ఎలాగూ మీరు చదవరు. పొద్దున్నే వేసుకోండి. పక్కన ఒక స్టూలుకు చోటు వదలండి. మీ ముఖంలో వెలుగు వస్తే ఆఫీసు కంట పడనివ్వకండి. పడిందా, తడి చేతులైతే తుడుచుకుని మరీ ప్లగ్గు పీకండి.

అన్నట్టు, నిన్న పన్ను కథ పూర్తయ్యేసరికి బస్సు హారన్ మోగింది. రేడియో ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని నాకేసి చూసింది.

"నాన్నా, రేపు కూడా కరెంటు పోతుందా?"

"పోతుందమ్మా" అన్నాను.