సీసాకు దొరకని సీసం

శుద్ధమైన నీరు అంటే, శుద్ధమైనదని కాగితం ఉన్న నీరు. నీటి సరఫరా శాఖ ఈ సత్యాన్ని కనిపెట్టి చాలాకాలమైంది. ఊళ్ళో ఈ సంగతి తెలియనిది ఒక్క పసిపిల్లల బడి పెద్ద టీచరుకే.

ఒక సోమవారం పొద్దున ఆవిడ బడి కుళాయి నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశారు. పాత తాళంచెవి చప్పరించినట్టుంది. ముసలి ప్లంబరును పిలిపిస్తే, గోడలోని గొట్టం గోకి చూశాడు.

"ఇది సీసం గొట్టం టీచరమ్మా. లోపలంతా నీళ్ళు తినేశాయి. సెలవు రోజుల్లో నిలవున్న నీళ్ళలోకి ఆ సీసమే దిగుతుంది. పిల్లల బుర్రకి మంచిది కాదు. మార్పించెయ్యండి."

టీచరు శాఖకు అర్జీ పెట్టారు. పరీక్షాధికారి సీసాతో సహా వచ్చాడు. కుళాయి తిప్పి, పావుగంట నీళ్ళు వదిలేసి, అప్పుడు సీసా పట్టాడు.

"అదేంటండీ, పిల్లలు తాగేది మొదటొచ్చే నీళ్ళు కదా?"

"మొదటి నీళ్ళు గొట్టానివి మేడమ్. మేం పరీక్షించేది శాఖ నీళ్ళు."

సీసాలో సీసం లేదని మూడు రోజుల్లో కాగితం వచ్చింది. (శాఖ ఇంత చురుగ్గా పనిచెయ్యడం అపురూపం.) టీచరు కుళాయికి తాళం వేసి, ఆయాతో కలిసి పక్కవీధి నుంచి బిందెలు మోయడం మొదలుపెట్టారు. ధ్రువీకరించిన నీటిని ఎందుకు అవమానిస్తున్నారో తెలపాలని శాఖ సంజాయిషీ అడిగింది.

జవాబుగా ఆవిడ ప్లంబరు చేత మూరెడు గొట్టం కోయించి, అధికారి బల్లమీద పెట్టారు. ఆయన అప్పుడే మంచినీళ్ళ గ్లాసు పెదాల దాకా తెచ్చుకున్నాడు.

"ఇది మా పరిధిలోకి రాదు మేడమ్."

"తెలుసండీ. మా బడీ, మీ ఆఫీసూ ఒకే ఏడు కట్టారట. రెండుచోట్లా గొట్టాలు తనే బిగించానని మా ప్లంబరు చెప్పాడు."

అధికారి గ్లాసును మెల్లగా కిందపెట్టాడు.

ఆపైన శాఖ ఆగలేదు. వారం తిరక్కుండా గొట్టాలన్నీ మార్చేశారు. ఆఫీసువి. బడి గోడలో మూరెడు గొట్టం తక్కువైందని తేలడంతో, విప్పిన పాతవాటిలోంచి కాస్త బాగున్న ముక్క ఏరి అక్కడ బిగించారు.