ఒంటరి చదువుకు సర్కారు తోడు

"ఇక మీదట మన పాలనలో ఎవరూ ఒంటరిగా స్వయంగా చదువుకోవాల్సిన ఖర్మ లేదు. స్వయంగా చదువుకునే ప్రతి ఒక్కరి పక్కనా ప్రభుత్వం కూర్చుంటుంది" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కొట్టకుండా ఎలా ఉంటాను? మంత్రిగారి ప్రజాదర్బారు గదికి గుమాస్తాని. రోజూ పది నుంచి పన్నెండు దాకా మంత్రిగారు అక్కడ ప్రజల గోడు వింటారని తలుపు మీద ఇత్తడి బోర్డుంది. ఎంతమంది వచ్చారో, ఎంతమంది సంతోషంగా వెళ్లారో రిజిస్టరులో ఎక్కించడం నా ఉద్యోగం. మూడేళ్లలో ఒక్క రోజు కూడా పేజీ ఖాళీ వదల్లేదు.

ఆ సాయంత్రమే నా నోరు ఊరుకోక, పీఏ గారి దగ్గర మా వదిన సంగతి ఎత్తాను. వదిన మా ఆఫీసులోనే కేబుళ్లు లాగే కాంట్రాక్టు మనిషి. పదేళ్లుగా బల్లల కింద దూరి వైర్లు బిగిస్తోంది. ఏ వైరు ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలుతుందో ఆవిడకి కంఠతా. చేతిలో కాగితమే లేదు. నెలాఖరులోగా నెట్‌వర్కింగ్ మొదటి మెట్టు పరీక్ష పాసైనవాళ్లకే ఇక పని అని కొత్త ఆర్డరొచ్చింది. పాసైతే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఒకటో తారీఖు నుంచి గేటు బయట. కోచింగుకి పోయే తీరిక లేక, ఒక లావుపాటి పుస్తకం, అటక మీంచి దించిన పాత రౌటరు పెట్టుకుని వంటగదిలో తనంతట తనే చదువుకుంటోంది. నమూనా పరీక్షల్లో నూటికి ఎనభై వస్తున్నాయి కూడా.

పీఏ గారు కళ్లద్దాలు తీసి నా భుజం తట్టారు. "దొరికిందయ్యా మన మొదటి లబ్ధిదారు."

మర్నాడే మంత్రిగారు మా వంటగదిని ప్రారంభించారు. వదిన చదువుకునే బల్లకీ కుర్చీకీ మధ్య రిబ్బను కట్టారు. ఫొటోగ్రాఫర్లూ పార్టీవాళ్లూ పట్టాక మిగిలిన చోటులో, పొయ్యి పక్కన వదిన ఒదిగి నిలబడింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించి, పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టారు.

"ఇదేంటమ్మా?"

"సబ్‌నెట్టింగండీ. పెద్ద నెట్‌వర్కుని చిన్న చిన్న ముక్కలు చేస్తే లోపల గోల తగ్గుతుందండీ."

"ముక్కలు చేయడమా?" మంత్రిగారి మొహం ముడుచుకుపోయింది. "మన పార్టీ సిద్ధాంతమే ఐక్యత. ఈ పాఠం వదిలెయ్యి."

"ప్రశ్నలు ఎక్కువ దీంట్లోంచే వస్తాయండీ."

"ప్రతిపక్షం కుట్ర. పీఏ, రాసుకో."

పీఏ గారు రాసుకున్నారు. సిద్ధాంతం కోసం ఇంకొకరి సిలబస్సులో పాఠాన్ని కూడా త్యాగం చేసిన నాయకుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

ఆ రోజు నుంచి ప్రభుత్వం వదిన పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. మొత్తం ఏడుగురు. పేజీలు తిప్పడానికి ఒకరు, కింద గీతలు గీయడానికి ఒకరు, ఆవిడ స్వయంగానే చదువుతోందని ధ్రువీకరించడానికి ఇద్దరు, ఆ ఇద్దరూ ధ్రువీకరిస్తున్నారో లేదో చూడ్డానికి ఒక పర్యవేక్షకుడు. మిగతా ఇద్దరూ ఎందుకొచ్చారో వాళ్లకే తెలియదు గానీ చాలా మర్యాదస్తులు, టీ అడిగి మరీ తాగేవాళ్లు. అన్నయ్య టీలు కాచి కాచి రెండు వేళ్లు కాల్చుకున్నాడు.

వారం తిరిగేసరికి వదిన మార్కులు ఎనభై నుంచి యాభై రెండుకి దిగాయి. పర్యవేక్షకుడు మాత్రం "చదువులో పాల్గొన్నవారు ఏడుగురు, పురోగతి ఏడు రెట్లు" అని పైకి రాసి పంపాడు.

వదిన నన్ను మెట్ల మీదికి పిలిచింది. "మరిదీ, నీ నోటి పుణ్యమా అని నా కొంప మునిగేట్టుంది. పదేళ్లు బల్లల కింద పాక్కుంటూ బతికాను. ఇన్నాళ్లకి కుర్చీలో కూర్చునే రాత వచ్చిందనుకుంటే, ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటున్నారు. నాకు భయంగా ఉంది."

"అంతా నీ మంచికే కదా వదినా" అన్నాను గానీ, ఆవిడ చూసిన చూపుకి రెండు మెట్లు కిందికి దిగాను. నిజం చెప్పొద్దూ, నాకూ మనసు చివుక్కుమంది.

మర్నాటి నుంచి వదిన పుస్తకంలోంచి రోజుకో పాఠం ఊడదీసి, కొంగులో పెట్టుకుని ఆఫీసుకి తెచ్చుకునేది. బల్లల కింద వైర్లు బిగిస్తూ అక్కడే చదివేది. వెంటే వచ్చిన ఆ ఏడుగురి కమిటీ వారు పొట్టలు అడ్డమొచ్చి అక్కడిదాకా దూరలేకపోయారు. మొదట ఊడదీసింది సబ్‌నెట్టింగు పాఠమే.

ఇక పరీక్ష. ఎక్కడినుంచైనా కంప్యూటర్లో రాయొచ్చు. అవతలినుంచి ఒకాయన కెమెరాలో చూస్తుంటాడు. గదిలో ఇంకో మనిషి కనబడినా, ఫోను మోగినా అక్కడికక్కడే రద్దు.

"ఇంకో మనిషంటే మంత్రిగారు కూడానా?" అని పీఏ గారు ఆశ్చర్యపోయారు. "సరేలే, ఆ కెమెరా ఆయనకీ ఒక దండ తెప్పిద్దాం." మైదానంలో స్టేజీ కట్టించి, పదివేలమంది సమక్షంలో వదిన చేత స్వయంగా పరీక్ష రాయించాలని నిర్ణయించారు.

ముందురోజు వదిన నెమ్మదిగా అడిగింది. "దర్బారు గది తాళంచెవి నీ దగ్గరే కదా మరిదీ?"

"అది మంత్రిగారు ప్రజల్ని కలిసే గది వదినా. పది నుంచి పన్నెండు."

"నా పరీక్షా పది నుంచి పన్నెండే. అందుకే అడుగుతున్నా."

"ఆ గదిలో ఫోను మోగితే?"

"దానికి వైరు లాగింది నేనే. గోడ దాకా లాగాక, ఫోనుకి కలపక్కర్లేదు, ఇక చాల్లే అన్నారు."

తాళంచెవి ఇచ్చాను. మర్నాడు వదిన తన వైరు తనే బిగించుకుని కూర్చుంది. నేను తలుపు దగ్గరుండగా, కంప్యూటర్లోంచి అవతలాయన గొంతు వినిపించింది.

"మేడమ్, తలుపు మీద బోర్డు చూశాను. ప్రజలు వస్తారేమో?"

"రారండీ."

"మంత్రిగారు?"

"ఆయనా రారండీ."

వదిన కెమెరాని ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయని సోఫాల మీదుగా తిప్పి చూపించింది. ఆయన "సరే, మొదలుపెట్టండి" అన్నాడు.

నేను తలుపేసి వరండా చివర స్టూలు మీద కూర్చున్నాను. పదకొండింటికి పీఏ గారు ఫోను చేశారు. "సభ అదిరిపోతోందయ్యా. మంత్రిగారు గంట నుంచి స్వయంకృషి మీద మాట్లాడుతున్నారు. పరీక్ష కుర్చీలో పార్టీ అధ్యక్షులవారు కూర్చున్నారు. మీ వదినేదీ?"

"రాస్తోంది సార్."

"మంచిది. దర్బారెలా ఉంది?"

"రోజూలాగే సార్."

"అయితే రోజూలాగే రాసెయ్."

పన్నెండింటికి వదిన బయటికొచ్చింది. కళ్లల్లో నీళ్లు, మొహం నిండా నవ్వు. "పాసయ్యాను మరిదీ. నూటికి ఎనభై ఎనిమిది. మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. కమిటీకి టీలు ఆపెయ్యమను."

మంత్రిగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సర్టిఫికెట్టునీ, దానితోపాటు వచ్చిన పరీక్షాధికారి నివేదికనీ కలిపి ఫ్రేము కట్టించి, నలుగురూ చూసేలా దర్బారు గదిలోనే తగిలించమన్నారు. నా చేతుల్తోనే మేకు కొట్టి తగిలించాను. నివేదికలో ఇలా ఉంది: "పది నుంచి పన్నెండు వరకు ఈ గదిని ఆపకుండా రికార్డు చేశాం. అభ్యర్థి తప్ప మరో మనిషి రాలేదు. ఫోను మోగలేదు."

దాని కిందే బల్ల మీద నా రిజిస్టరు ఉంటుంది. అదే తారీఖు, అదే పది నుంచి పన్నెండు: మంత్రిగారిని కలిసినవారు నలభై రెండు మంది. ఫోను చేసినవారు పదిహేడు మంది. అందరూ సంతృప్తిగా వెళ్లారు. కింద సంతకం నాది.