నలభయ్యో చెట్టు

ఎండలు ముదరడం వల్ల ప్రజలకు కలుగుతున్న అసౌకర్యాన్ని పచ్చదనాల శాఖ గుర్తించిందనీ, నెలాఖరులోగా నాలుగు వందల మొక్కలు నాటి వాతావరణాన్ని దారికి తెస్తుందనీ ఒక సోమవారం పొద్దున ప్రకటన వెలువడింది. వాతావరణానికి ఈ సంగతి ఎవరూ తెలియజేయకపోవడం చేత ఆ రోజు కూడా అది మామూలుగానే మండింది.

ఆ శాఖలో మొక్కలకు నీళ్లు పోసే ఉద్యోగిని ఒకావిడ ఉంది. పద్దెనిమిదేళ్లుగా పైపు భుజాన వేసుకుని తిరగడంతో ఊరంతా ఆమెను నీళ్లక్క అనే పిలుస్తుంది. ప్రకటన విని నిజంగా సంబరపడింది ఆమె ఒక్కతే. శాఖ నర్సరీలో ఉన్న నాలుగు వందల మొక్కల్నీ విత్తు నాటినప్పటి నుంచి ఆమే పెంచింది. సంచుల్లో చోటు చాలక వేళ్లు చుట్టలు చుట్టుకుపోతున్నాయని రెండేళ్లుగా పెద్దసారుకు మొరపెట్టుకుంటోంది.

పెద్దసారు నియమావళి కంఠతా వచ్చిన మనిషి. అందులో ఒక సూత్రముంది: ఒక పాత చెట్టు కొడితే బదులుగా పది మొక్కలు నాటవలెను. నాలుగు వందలు నాటాలంటే ఎన్ని కొట్టాలో ఆయన వేళ్ల మీదే తేల్చేశాడు. శాఖ కార్యాలయం ఉన్న పెద్ద వీధిలో సరిగ్గా నలభై చెట్లున్నాయి. ప్రకృతి సైతం శాఖకు సహకరిస్తున్నందుకు ఆయనకు ఒళ్లు పులకరించింది.

“కొట్టకుండా ఊరికే నాటెయ్యొచ్చు కదండీ?” అంది నీళ్లక్క.

ఆయన ఆమెను జాలిగా చూశాడు. “ఊరికే నాటితే అది సరదా అవుతుందమ్మా. కొట్టి నాటితేనే పథకం.”

రంపం పట్టినవాడు నీళ్లక్క సొంత మరిదే. “నువ్వు పెంచినవాటికి చోటు చూపించే పనే కదా వదినా! నా మీద అలకెందుకు?” అన్నాడు. ఆ వారమంతా ఆమె అతనికి కంచంలో అన్నం పెట్టింది గానీ కూర వెయ్యలేదు.

పక్షులకు ముందస్తు నోటీసులు చెట్ల మొదళ్లకే అంటించారు. గడువులోగా అభ్యంతరాలేవీ రాలేదు. ముప్ఫై తొమ్మిది చెట్లు నేలకొరిగాక, మొదళ్లు పెకలించి గుంతలు చదును చేసి, వీధిలోనే సభ పెట్టారు. నీడ లేదు కనుక పందిరి వేశారు. గుంజలకు కలప కొరత రాలేదు.

“మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు!” అని పెద్దసారు గర్జించాడు. “అందుకే వంగని మానుల్ని తొలగించి, వంగే మొక్కల్ని తెస్తున్నాం. ఈ ఊరి భవిష్యత్తు పచ్చన!” జనం చెమట తుడుచుకున్న చేతులతోనే చప్పట్లు కొట్టారు. పచ్చదనాన్ని ప్రాణమిచ్చి కాపాడతామని ప్రమాణం కూడా చేశారు.

సభ కాగానే ఆయన కారెక్కాడు. మూడు గంటలు ఎండలో నానిన కారది. సీటు మీద కూర్చున్నవాడు పెనం మీద పడ్డ నీటిచుక్కలా ఎగిరాడు. కార్యాలయం దాకా సగం లేచీ సగం కూర్చునీ ప్రయాణించాడు.

అక్కడ నలభయ్యో చెట్టు కింద మరిది రంపం సిద్ధం చేసుకుంటున్నాడు. నీళ్లక్క మానుకు వీపు ఆనించి నిలబడి ఉంది. వేళ్ల గురించి, వానల గురించి, గూళ్ల గురించి పెద్దసారుకు ఇదివరకే చెప్పి చూసింది. గోడకు చెప్పినా ఆ గోడ కాస్త తడిసేదేమో. కారు దిగి వస్తున్న ఆయన నడక వైపు చూసింది. ఎందుకో ఆయన కాళ్లు ఎడంగా వేస్తున్నాడు.

ఆమె పక్కకు తప్పుకుంది. “కొట్టేద్దామండీ. మరి రేపట్నుంచి మీ కారు ఎక్కడ పెట్టించమంటారు?”

పెద్దసారు వీధి ఈ చివర చూశాడు, ఆ చివర చూశాడు. కనుచూపు మేర తన విజయమే మెరుస్తోంది.

“ఆపరా!” అని ఆయన వేసిన కేకకు మరిది చేతిలోని రంపం జారి కాలి పక్కన పడింది. సాయంత్రానికల్లా ఆ చెట్టును ‘అధికార వాహన శీతల కేంద్రం’గా గుర్తిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ రాత్రి మరిదికి రెండు సార్లు కూర వడ్డించారు.

పై నెలలో పెద్దసారుకు ఉత్తమ వృక్షరక్షక పతకం దక్కింది. వీధిలో మిగిలిన చెట్లన్నింటినీ ఆయనే కాపాడాడని దాని మీద చెక్కారు. అక్షరాలా నిజం.

ఇక నాటడమే తరువాయి. ముప్ఫై తొమ్మిది చెట్ల జాగాలో కొట్టిన మరునాడే బళ్లు నిలిపేశారు కాబట్టి, ఇళ్ల ముందు నాటి, రోజుకో బకెట్ నీళ్లు పోస్తామని ఇంటివాళ్ల చేత సంతకం పెట్టించుకు రమ్మన్నారు. నీళ్లక్క తోపుడుబండి నిండా మొక్కలు పేర్చుకుని బయల్దేరింది.

మొదటింటి పిన్నిగారు పొంగిపోయింది. “మొక్కలా! నీ కడుపు చల్లగా ఉండాలి తల్లీ. మా గుమ్మం ముందు వద్దులే, ఆకులు రాలితే ఊడవలేను. పక్కింటి ముందు నాటు, నీడ ఎలాగూ మాకూ పడుతుంది.”

పక్కింట్లో డాక్టరు. చెట్ల వల్ల ఊపిరితిత్తులకు కలిగే మేలు అరగంట విడమరిచి, చెట్టు పెరిగితే తన బోర్డు కనపడదని, ఆ పక్కింటివారి పేరు చెప్పాడు. ఆ పక్కింటి మేష్టారు మరీ మంచివాడు. తన పక్కింటికి తానే దారి చూపించాడు.

వీధి చివరింటాయన తన పక్కన ఇల్లు లేకపోయేసరికి కాసేపు ఇబ్బంది పడ్డాడు. “మంచి పని చివర్నుంచి మొదలుపెడతారటమ్మా? మొదటింటివాళ్లని అడిగి చూడు,” అన్నాడు.

నీళ్లక్క నిండు బండిని వెనక్కి తిప్పింది.

ఇది చదువుతున్న తమరు ఆ వీధివారు కారని మాకు తెలుసు. ఆ బండి తమరి గుమ్మం ముందు ఆగి ఉంటే ఆమెను వట్టి చేతులతో పంపేవారు కారు. దగ్గరుండి రెండు మొక్కలు నాటించేవారు: ఒకటి కుడిపక్క ఇంటి ముందు, ఒకటి ఎడమపక్క ఇంటి ముందు.