కాన్వాసు కప్పుకొచ్చిన తుఫాను

తుఫాను బంగాళాఖాతంలో పుడుతుందన్నది పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ల అమాయకత్వం. కోనసీమలో తుఫాను రోడ్డు మీద వస్తుంది, ఆకుపచ్చ రంగులో, చక్రాల మీద. గాలీ వానా దాని వెనక వస్తే వస్తాయి, లేకపోతే లేదు. (రాకపోయినా రికార్డుల్లో తేడా ఉండదు.) ఈ సంగతి తీరంలో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలియనివాడు ఒక్క కృష్ణమోహన్. అతని తప్పేం లేదు, పెళ్లయిన దగ్గర్నుంచీ కువైట్‌లోనే ఉన్నాడు.

పలివెలవాడు. కువైట్‌లో ఒక పెద్దింట్లో డ్రైవరు. చలికాలం వస్తే ఆ ఇంటివాళ్లు ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంటారు. జీపు వెనక ట్రైలర్ తగిలించి సామాను లాక్కెళ్లడం, గుడారం నిలబెట్టడం, తివాచీలు పరవడం ఇతని పని. అవన్నీ అయ్యాక, వాళ్లకి కనబడనంత దూరంలో కూర్చుని భార్యకి వీడియో కాల్ చేసుకోవడం కూడా ఇతని పనే.

ఈసారి సెలవుకి వచ్చినప్పుడు భార్య లక్ష్మీతులసి ఒక్కటే అడిగింది.

"ఒక్క రాత్రి మనిద్దరమే ఉండాలండీ. సముద్రం దగ్గర. నేనెవరికీ టీ పెట్టకూడదు."

ఆవిడ బాధ ఆవిడది. గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి చూడ్డానికి బంధువులు రావడం, వచ్చినవాళ్లు టీ తాగడం, టీ తాగినవాళ్లు భోజనానికి ఉండిపోవడం అనే పథకం ఆ ఇంట్లో సెలవంతా నిరాటంకంగా అమలవుతోంది. లబ్ధిదారులు పెరగడమే గాని తగ్గడం లేదు. పోనీ లాడ్జీలో గది తీసుకుందామంటే, అక్కడి మేనేజరు వరసకి తమ్ముడు. వదినగారి చేతి టీ గురించి చాలా విన్నానన్నాడు.

అందుకని కృష్ణమోహన్ మిలిటరీవాళ్ల పాత సామాను వేలంలో ఒక ట్రైలర్ కొన్నాడు. రెండు చక్రాలు, ఇనప తొట్టి, పైన వంచిన కమ్మీల మీద మందపాటి ఆకుపచ్చ కాన్వాసు. పక్కన తెల్లరంగుతో ఎవరికీ అర్థంకాని అంకెలు. పౌరుడిగా తన బాధ్యత గుర్తొచ్చి రవాణా కార్యాలయానికి వెళ్లి అడిగాడు.

"ఇందులో సరుకు వెయ్యొచ్చండి. మనుషులు ఎక్కకూడదండి," అన్నాడు అక్కడి ఉద్యోగి.

"కదుల్తుంటే ఎక్కమండి. ఆగేకే పడుకుంటామండి."

"ఆగేక అది బండి కాదు కదండీ, ఇల్లు. ఇల్లు మా శాఖ కాదండి, ఆయ్."

కాదనకుండా, అవుననకుండా పంపించారు. కోనసీమ కార్యాలయాల్లో ఇంతకన్నా స్పష్టమైన అనుమతి ఉండదు.

పరుపు, స్టవ్వు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ట్రైలర్‌లో పెట్టుకుని ఆలుమగలు అద్దె జీపులో బయల్దేరారు. ఆ అంకెలు చూసి దారిలో ఒక్క పోలీసూ ఆపలేదు. ఒకాయన సెల్యూట్ కూడా చేశాడు. కాలవగట్టు మీద ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తే, బస్సే వెనక్కి వెళ్లింది. నిజానికి అదొక అదృష్టం. ట్రైలర్‌ని వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది, ఎడారిలో ఆ అవసరం కృష్ణమోహన్‌కి ఎప్పుడూ రాలేదు.

తీరంలో సరుగుడు తోట పక్కన బండి ఆపారు. (ఊరి పేరు రాయను. రాస్తే ఒక ఉద్యోగికి ఇచ్చిన ప్రశంసాపత్రం వెనక్కి తీసుకోవాల్సొస్తుంది.) ఆకాశంలో మబ్బు తునక లేదు. లక్ష్మీతులసి ట్రైలర్ వెనక పలక దించి, దాని మీద కూర్చుని, కాళ్లు ఊపుకుంటూ సముద్రం చూసింది. చాలా సంతోషంగా ఉంది. ఆ సంతోషం పూతరేకుల డబ్బా మూత తీసేదాకా ఉంది.

అప్పాయమ్మ అనే ముసలావిడ వచ్చి గిన్నె పట్టుకుని నిలబడింది.

"ఎప్పుడు తగులుద్ది బాబూ?"

"ఏంటండీ?"

"తుఫాను."

"తుఫానేం లేదండీ. మేం ఊరికే వచ్చేం."

"అంతేలే నాయనా. సాయం తెచ్చే మిలిటరీ బండోళ్లు మీరు, ముందుగా చెప్పొద్దంటారు మిమ్మల్ని," అని జాలిపడిందావిడ.

ఆవిడ వెనక ఇంకొకావిడ నిలబడింది. ఆవిడ వెనక ఒక కుటుంబం. క్యూ ఎందుకో మొదట్లో ఉన్నవాళ్లకి అనుమానంగా ఉంది గాని, చివర్లో ఉన్నవాళ్లకి మాత్రం బియ్యం, కందిపప్పు, కొవ్వొత్తులు అని ఖచ్చితంగా తెలుసు. కొందరు రేషన్ కార్డులు కూడా తెచ్చారు.

అంతలో గ్రామ రెవెన్యూ అధికారి సూర్యప్రకాష్ గారు మోటారు సైకిల్ మీద వచ్చారు. కష్టపడి పనిచేసే మనిషి. క్యూ చూసి చొక్కా సర్దుకున్నారు.

"తమరు ఏ శాఖండీ?"

"ఏ శాఖా కాదండి. మొగుడూ పెళ్లాలమండి."

ఆయన దాన్ని ఏదో కొత్త విభాగం అనుకుని మండల కార్యాలయానికి ఫోన్ చేశారు. అల్పపీడనం అక్కడే ఏర్పడింది. సమాచారం లేదు గాని, ట్రైలర్ వచ్చిందంటే సమాచారం వెనకాల వస్తూ ఉంటుందని మండలంవారు భావించారు. సహాయక సామగ్రి తీరానికి చేరిందని పైకి తెలియజేశారు. అక్కడది వాయుగుండంగా బలపడింది. సామగ్రి చేరాక కూడా జనాన్ని తరలించలేదేమిటని ఆ పైనుంచి మందలింపు వచ్చేసరికి తీవ్ర తుఫానుగా మారి, సూర్యప్రకాష్ గారి ఫోన్ దగ్గర తీరం దాటింది. పడవలు ఒడ్డుకి లాగించారు. బడికి సెలవిచ్చారు.

"ఒక్కసారి ఆకాశం చూడండి సార్," అన్నాడు కృష్ణమోహన్.

"ఆకాశం మా పరిధిలోది కాదండీ, ఆయ్," అన్నారు సూర్యప్రకాష్ గారు, ఎంతో మర్యాదగా.

సముద్రానికి అందరికన్నా దగ్గరగా ఉన్నారు కాబట్టి ముందు ఆలుమగలనే తుఫాను షెల్టర్‌కి తరలించారు. ఆడవాళ్లకొక హాలు, మగవాళ్లకొక హాలు. సహాయక ట్రైలర్‌తో వచ్చిన మనిషి కనక లక్ష్మీతులసిని సిబ్బందిగా గుర్తించి, ఆవిడ స్టవ్వు ఆవిడ ముందే పెట్టారు. ఊరంతటికీ టీ పెట్టింది. రెండో విడత కూడా పెట్టింది. ఆ తర్వాత గోడకి అవతలి నుంచి కృష్ణమోహన్ వీడియో కాల్ చేశాడు. సిగ్నలు బాగుంది. ఇది రాస్తుంటే నాకే మనసు చివుక్కుమంది.

తెల్లారింది. ఎండ కాసింది. ప్రాణనష్టం లేదు, ఆస్తినష్టం లేదు, ముందస్తు చర్యలు ఫలించాయి. పైనుంచి అభినందనలు వచ్చాయి. అయినా నష్టం అంచనా వేయడం నిబంధన కాబట్టి, సూర్యప్రకాష్ గారు కాగితాలు పట్టుకుని ఒక్కొక్కర్నీ అడుగుతూ లక్ష్మీతులసి దగ్గరికి వచ్చారు.

"తమరికేవన్నా నష్టం జరిగిందాండీ?"

"జరిగిందండీ. ఒక రాత్రి పోయిందండి. ఎల్లుండి ఈయన కువైట్ విమానం ఎక్కేస్తారు. మళ్లీ రెండేళ్లకండి."

ఆయన కలం ఆపారు. నిజంగానే నొచ్చుకున్నారు. ఇల్లు, పడవ, పశువు, చెట్టు, అన్ని గళ్లూ ఓపిగ్గా వెతికారు.

"అది విపత్తు కిందకి రాదండీ," అన్నారు చివరికి. "మన వైపు ఇంటింటికీ ఉన్నదే కదండీ, ఆయ్."