ముప్పయ్యో రెజిమెంటు గుండీ

గిస్లెన్ పిరోట్ ఆ శనివారానికి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. ఏడింటికి లేవడం, పద్నాలుగో గుండీ పోత పోయడం, కోటుకు కుట్టుకోవడం, పదకొండింటికల్లా లిన్యీ పొలాల్లో నెపోలియన్ సైన్యంలో చేరి ప్రష్యావాళ్ళను ఓడించడం. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ యుద్ధాన్ని ఏటా జూన్‌లో వేషాలు వేసుకుని మళ్ళీ ఆడతారు, ఏటా నెపోలియనే గెలుస్తాడు. కాబట్టి గెలుపు గురించి గిస్లెన్‌కు బెంగ లేదు. బెంగంతా గుండీల గురించే.

ముప్పయ్యో రెజిమెంటులో చోటు కోసం అతను మూడేళ్ళుగా తిరుగుతున్నాడు. ఇప్పటికి రెండుసార్లు సార్జంట్ ఉబేర్ అతన్ని గుండీల దగ్గరే ఆపేశాడు. ఉబేర్ రిటైరైన పోస్ట్‌మాస్టరు. మెడలో భూతద్దం వేలాడేసుకుని, ఎదురొచ్చిన వాళ్ళ ముఖం కంటే ముందు గుండీలు చూసే రకం. మొదటి ఏడు "ఇవి నావికులవి" అన్నాడు. రెండో ఏడు "ఈ '30' అంకెల తీరు ఆ కాలానిది కాదు" అన్నాడు. చివరికి జాలిపడి, తన ముత్తాతకు దుంపలు తవ్వుతుంటే దొరికిన అసలు గుండీనే తెచ్చి చేతిలో పెట్టాడు.

"నమూనాగా ఉంచుకో. యుద్ధం రోజున తిరిగివ్వు. పారేశావో, నువ్వెళ్ళి ప్రష్యావాళ్ళలో కలిసిపో."

గిస్లెన్ కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. అచ్చు తీయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. పదమూడు గుండీలు పోశాడు. ఇంకొక్కటే బాకీ.

మెట్లు దిగి వంటింట్లోకి వచ్చేసరికి కోటు కుర్చీకి తగిలించి ఉంది. దానికి పద్నాలుగు గుండీలు. అన్నీ ధగధగలాడుతున్నాయి.

"ఎలా ఉంది?" అంది భార్య సొలాంజ్, కాఫీ పోస్తూ. "తెల్లారకుండానే లేచి కుట్టేశాను. ఒకటి మరీ నల్లగా, అసహ్యంగా ఉందనుకో. టమాటా సాసూ ఉప్పూ వేసి తోమితే ఎంత బాగా వచ్చిందో! దాంతోపాటు అన్నీ తోమేశాను."

గిస్లెన్ కుర్చీలో కూలబడ్డాడు. "ఆ నల్లది ఏది, సొలాంజ్?"

"ఇప్పుడు నల్లగా లేదుగా. నాకేం తెలుసు?"

"అది ఉబేర్ గారి ముత్తాతది!"

"అయితే మాత్రం? ఇన్నేళ్ళలో ఒక్కరైనా తోమాలా వద్దా?"

ఇద్దరూ లైటు కింద ఒక్కో గుండీనీ తిప్పి తిప్పి చూశారు. గిస్లెన్ కొరికి చూశాడు, వాసన చూశాడు. లాభం లేదు. తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు. పది దాటుతోంది. ఇక ఒకటే దారి కనిపించింది. ఉబేర్ కన్ను పొరపడదు. తనిఖీలో అసలు గుండీని ఆయనే పట్టుకుంటాడు, కాళ్ళ మీద పడి ఇచ్చేయవచ్చు.

పొలంలో రెజిమెంటు బారులు తీరింది. ఉబేర్ భూతద్దం పట్టుకుని ఎండలో గిస్లెన్ కోటు మీద ఒక్కో గుండీ దాటుకుంటూ వచ్చాడు.

"బాగుంది... ఇదీ బాగుంది... శభాషయ్యా, అచ్చు నా గుండీయే!" తొమ్మిదో గుండీ దగ్గర ఆయన ముఖం చిట్లించాడు. "ఇదేమిటి? పదమూడూ ఒక రంగు, ఇదొక్కటీ పాలిపోయిన పసుపు! నాటకాల కంపెనీ సరుకు తెచ్చి నా రెజిమెంటులో పెడతావా?"

"సార్జంట్ గారూ, ఆగండి, అది..."

ఉబేర్ చాకుతో దారం తెంపి, గుండీని భుజం మీదుగా వెనకాల బీట్‌దుంపల చేలోకి విసిరేశాడు. అదే క్షణంలో డప్పు మోగింది. "ముందుకు!"

గిస్లెన్ వెనక్కి తిరిగాడు. తుపాకీ పారేసి, మోకాళ్ళ మీద పడి దుంపల ఆకుల్లోకి దూరాడు.

తుపాకీల పొగలో పక్కవాడికి కనిపించింది ఒకటే, మనవాడు వెనక్కి పోతున్నాడని. "వెనక్కి వెళ్ళమన్నారా?" అని అరిచాడు. అవతలివాడికి "వెనక్కి వెళ్ళమన్నారు!" అని వినిపించింది. ముప్పయ్యో రెజిమెంటు తిరిగింది. అది చూసి పక్క రెజిమెంటూ తిరిగింది. గుట్ట మీద చక్రవర్తి వేషంలో ఉన్న బీమా ఏజెంటు నోట్లో శాండ్‌విచ్ ఉండటంతో ఏమీ ఆజ్ఞాపించలేకపోయాడు.

ప్రష్యావాళ్ళు, అంటే జర్మనీ నుంచి బస్సులో వచ్చిన బడిపంతుళ్ళు, తమను ఎవరైనా ఓడిస్తారేమోనని కాసేపు మర్యాదగా నిలబడ్డారు. ఎవరూ రాకపోయేసరికి వెతుక్కుంటూ ముందుకు వచ్చారు. అలా వస్తూ వస్తూ వంతెన పట్టుకున్నారు, ఊరు పట్టుకున్నారు, చివరికి చక్రవర్తినీ పట్టుకున్నారు.

"ఇదేమిటండీ, మేం ఓడిపోవడానికి వచ్చాం!" అని వాళ్ళ కెప్టెన్ వెండెలిన్ దుంపల చేలో నిలబడి మొత్తుకున్నాడు. "మూడున్నరకి మా బస్సు. ఇప్పుడు మేమేం చెయ్యాలి?"

విసుగొచ్చి, ఆయన చాళ్ళలో చతికిలబడ్డాడు. మరుక్షణం "అబ్బా!" అంటూ లేచి, కింద గుచ్చుకున్నదాన్ని తీసి, పరుగున వస్తున్న ఉబేర్ చేతిలో పెట్టాడు. మట్టి కొట్టుకుపోయిన గుండీ.

ఉబేర్ భూతద్దం ఎత్తాడు. గుండీని అటూ ఇటూ తిప్పాడు. "అసలుది! ముప్పయ్యో రెజిమెంటుది! ఆ పాలిపోయిన పసుపు చూడండి! ఆ మట్టి చూడండి, రెండు వందల ఏళ్ళ మట్టి!"

గిస్లెన్ దుంపల మధ్య నుంచి లేచాడు. మూడేళ్ళ ఆశ ఇవాళ్టితో సరి అనుకున్నాడు. అయినా ఆ ముసలాయన కళ్ళలో నీళ్ళు చూసి ఉండబట్టలేకపోయాడు.

"సార్జంట్ గారూ, అది మీ గుండీయే. మా ఆవిడ తోమి నా కోటుకు కుట్టింది. మీరు ఇందాక విసిరేసింది అదే."

ఉబేర్ పగలబడి నవ్వాడు. "ఆ నాటకాల సరుకా? నాకు తేడా తెలియదనుకున్నావా? నా గుండీ నీ గుండెల మీదే ఉందిగా!" అంటూ కోటు మీద మిగిలినవాటిలో ఒకటి చిటికెలో ఎంచి, దారం తెంపి జేబులో వేసుకున్నాడు. "మొద్దబ్బాయీ, పన్నెండు గుండీలు బాగానే పోశావు. ఇంకో రెండు పోసుకురా. నువ్వు మావాడివే."

గిస్లెన్ రెజిమెంటులో చేరాడు. ఆ మర్నాడు నిర్వాహకుల సంఘం సమావేశమై, ఎవరిని తప్పుపట్టాలో తేలక, వచ్చే ఏడాది గోడపత్రికలో అడుగున ఒక చిన్న వాక్యం చేర్చింది: "యుద్ధ ఫలితంలో మార్పులు ఉండవచ్చు."