పక్క సీటు ఫోను వర్ధిల్లాలి!

సినిమా నడుస్తుండగా పక్క సీటువాడు ఫోనులో గట్టిగా మాట్లాడటాన్ని మించిన ప్రజాసేవ లేదు! నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను.

మొన్న శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, గుదైబియాలో మన తెలుగు సంఘం ఒక పాత హాలీవుడ్ సినిమా వేసింది. డెబ్బయ్యేళ్ల కిందటి సాహస ప్రేమకథ. సెట్టు వేయకుండా నిజంగానే పరదేశం వెళ్లి ఎడారిలో తీశారట. ఇసుక తుఫాను వచ్చినా హీరోయిన్ జుట్టు చెదరలేదు. ఇక్కడ జుఫైర్‌లో కారు దిగి లిఫ్టు దాకా నడిస్తే మా ఆవిడ ప్రమీల జుట్టు ఏమవుతుందో నాకు తెలుసు!

ఇంగ్లిషు నాకు వచ్చు. ఆఫీసులో దాంతోనే బతుకుతున్నాను. అయినా ఆ హీరో నములుతూ మాట్లాడే ఇంగ్లిషు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నన్ను ఆదుకున్నది ఎవరు? పక్క సీటు పరమేశ్! మామీర్ లేబర్ క్యాంపులో ఉంటాడు, వెల్డింగ్ పని. ఊళ్లో ఉన్న భార్య కళకు వీడియో కాల్ చేసి, ఫోను తెర వైపు తిప్పి, కథంతా చెబుతున్నాడు.

"గీయనే హీరో. పని మీద వచ్చిండు. గింత ఎండల చెమట పడతలేదంటే ఆఫీసు డ్యూటీ అయితది."

నేను కొంచెం సర్దుకుని కూర్చున్నాను.

"తెల్లగుర్రం మీదున్నోడు కఫీల్, వీసా ఇచ్చిన సేటు. హీరో పాస్‌పోర్టు గీయన తానే ఉన్నది. ఆ పిల్ల విజిట్ వీసా మీద వచ్చింది."

"ఎనుక సామాన్ మోసేటోళ్లు ఎవలు?" అని ఫోనులోంచి కళ.

"గాళ్లు మనోళ్లే. పేర్లు చెప్పరు."

ఏ విమర్శకుడు ఇంత సూటిగా చెప్పగలడు? సంఘం కార్యదర్శి సోమరాజు మాత్రం "భాయ్, ఫోను ఖలాస్ చెయ్యి!" అని కసిరాడు. వెనక వరుసవాళ్లు సోమరాజునే కూర్చోమన్నారు. వాళ్లకూ కథ కావాలి కదా!

ఇంతలో కొండ మీద హీరో ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమంటున్నడు?"

పరమేశ్ తెర వైపే చూస్తూ అన్నాడు, "లీవు దొరకలేదంటున్నడు."

"పిల్ల పక్కనే ఉన్నది గదా! ఆమెకెందుకు చెప్తడు?" అంది కళ. తర్వాత గొంతు తగ్గించి, "లీవు దొరకంది హీరోకా, నీకా?"

హాల్లో తెర మీద ఏం జరుగుతోందో ఒక్కరూ చూడలేదు.

"నాకే. మల్ల వాయిదా ఏసిండ్రు."

నాకు నిజంగా బాధేసింది. ప్రమీల నా చెయ్యి పట్టుకుంది.

"సరే తియ్యి," అంది కళ, ముక్కు ఎగబీల్చి. "ఫోన్ పెట్టకు. ఆఖరి దాక చెప్పు."

చెప్పాడు. తెర మీద హీరో పిల్లతో గుర్రమెక్కి ఎటో పోయాడు. పరమేశ్ కథలో మాత్రం తిన్నగా ఎయిర్‌పోర్టుకు పోయాడు. చప్పట్లు కొట్టాం!

ఇప్పుడు సోమరాజు, హాల్లో ఫోన్లు నిషేధించాలని తీర్మానం పెడుతున్నాడు. నా ఓటు ఆయనకే! కాకపోతే చిన్న సవరణ: ముందు పరమేశ్‌కు లీవు ఇప్పించండి. పక్క సీట్లో పెళ్లామే కూర్చుంటే, అతనికి ఫోనుతో పనేముంది?